కరెంటు ఆగి రావడం నేర్చుకున్న కథ

ఒకప్పుడు, పిల్లలూ, కరెంటుకి ఆగడమంటే ఏమిటో తెలియదు. మేఘాల్లో ఉండేది. కిందికి రావాలనిపిస్తే ఒక్క ఉదుటున దూకేది. అది మెరిస్తే చాలు, జనం చెవులు మూసుకుని 'అర్జునా, ఫల్గుణా' అనుకునేవాళ్ళు. రమ్మని పిలిచినవాళ్ళు ఒక్కరూ లేరు, పాపం.

ఆ కాలంలో, కొండకింద ఊళ్ళో సన్యాసమ్మకి నెల తక్కువ బిడ్డ పుట్టాడు. వాడికి పాలు తాగే సత్తువ లేదు. ఉగ్గుగిన్నెతో చుక్క చుక్కగా పొయ్యాలి. చూసి పొయ్యకపోతే పొలమారి ఊపిరాడదు. అసలే ముసురు. పొద్దు వాలితే ఈదురుగాలి ప్రమిదని నిలవనిచ్చేది కాదు.

ఒక సాయంత్రం మళ్ళీ దీపం కొండెక్కింది. బిడ్డ ఉక్కిరిబిక్కిరయ్యాడు. సన్యాసమ్మ వాణ్ణి బోర్లా తిప్పి వీపు నిమిరింది. గుమ్మంలోకి వచ్చి ఆకాశం వైపు చూసింది.

"మెరుపు తల్లీ, మా ఇంటికి రామ్మా. బిడ్డ నోరు కనిపించడం లేదు."

రామ్మా అన్న మాట వినగానే కరెంటు ఉన్నపళంగా దూకింది. వాకిట్లో తాటిచెట్టు భగ్గుమంది. నిప్పురవ్వ ఒకటి ఇంటి కప్పుకి బెత్తెడు దూరంలో పడింది. బిడ్డ కెవ్వుమన్నాడు.

అత్త నూకాలు చీపురుతో గుమ్మానికి అడ్డం నిలబడింది. "బాలింత ఇంటికి ఇలాగేనా రావడం? వీధిలోంచి వచ్చినవాళ్ళు కాసేపు బయట ఆగుతారు, కాళ్ళు కడుక్కుంటారు, అప్పుడు లోపలికొస్తారు. మా ఆడపడుచు ఎంత గయ్యాళిదైనా నీలా రాలేదమ్మా."

కరెంటు తల దించుకుంది. "ఎక్కడ ఆగాలో ఎవరూ చెప్పలేదు పెద్దమ్మా. నాకసలు దారే లేదు."

"దారి మేం వేస్తాం. ఉరవడి తగ్గించుకోవడం నీ వంతు."

తెల్లారి ఊరంతా కదిలింది. స్తంభాలు పాతారు, తీగలు లాగారు. కాళ్ళు కడుక్కునే చోట్లుగా ఊరి బయట ఒక ఆవరణ, వీధి మొదట ఒక పెద్ద ఇనప పెట్టె ఏర్పాటు చేశారు.

పొద్దు వాలేసరికి కరెంటు తీగ మీద నడిచొచ్చింది. ఊరి బయట ఆగి చాలా ఉరవడి దించుకుంది. వీధి మొదట మళ్ళీ ఆగింది. లోపలున్నది గుప్పెడంత బిడ్డ. కరెంటుకే భయమేసింది. 'స్వామీ, నా వేడి ఆ పసివాడికి తగలనివ్వకు' అని గుయ్‌మంటూ జపం చేసుకుంది. ఆ తర్వాత సన్నటి తీగ పట్టుకుని, ఒదిగి ఒదిగి, గుమ్మం దాటి, దానికోసం ఇంట్లో వేలాడదీసిన గాజుబుడ్డిలో కూర్చుంది.

ఏ గాలీ ఆర్పలేని వెలుగు. సన్యాసమ్మ ఉగ్గుగిన్నె వంచింది. ఒక చుక్క. బిడ్డ మింగాడు. పొలమారలేదు. ఇంకో చుక్క కోసం నోరు తెరిచాడు.

"ఇప్పుడొచ్చావు, చుట్టంలా" అంది నూకాలు.

అప్పటినుంచే కరెంటు ఊరి బయట సబ్‌స్టేషన్లో ఒకసారి, వీధి మొదట ట్రాన్స్‌ఫార్మర్లో ఒకసారి ఆగి, ఉరవడి తగ్గించుకున్నాకే మన ఇళ్ళకి వస్తోంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర గుయ్‌మని వినిపించేది ఆ జపమే. దూరంగా నిలబడి వినండి నాన్నా. జపంలో ఉన్నవాళ్ళని ముట్టుకోకూడదు.