పళ్ళెం ఎత్తే చోట

శ్రావణ బహుళ తదియ, బుధవారం సాయంత్రం ఆరుంబావుకి, కాకినాడలో ఒక పెళ్ళింట దీపాలు పెట్టే వేళ, సుభాషిణి తన సంగీతం గురువు హంసవేణి గారిని అడిగింది. "గురువుగారూ, తప్పిన శ్రుతిని మిషనుతో దిద్దడం తప్పా?"

అడగడానికి కారణం ఉంది. తెల్లవారితే చెల్లెల్ని పెళ్ళికూతుర్ని చేస్తారు. ఆ ఇంట ఏ శుభమైనా నరసమాంబ మామ్మ మంగళహారతి లేకుండా జరగదు. మామ్మకేమో జలుబు చేసి గొంతు బొత్తిగా పోయింది. నిరుడు వరలక్ష్మీ వ్రతం నాడు మామ్మ హారతిస్తూ పాడుతుంటే సుభాషిణి ఫోనులో పట్టిన పాట ఒక్కటే గతి. "వియ్యాలవారు వస్తారే తల్లీ. పెద్దదాన్ని, నవ్వులపాలు చెయ్యకు. వంకరలుంటే దిద్దు," అని మామ్మ గుసగుసగా బతిమాలుకుంది. సుభాషిణికి రికార్డింగు పనే వృత్తి. ఫ్యాను చప్పుడు తీసేసింది. "జయ మంగళం" అన్నచోట మామ్మ గొంతు రవ్వంత కిందికి జారితే, దాన్నీ పైకి లాగి గీత గీసినట్టు నిలబెట్టింది. నిలబెట్టాక ఎందుకో తన మనసే నిలవలేదు.

హంసవేణి గారికి ప్రశ్నలకి నోటితో జవాబు చెప్పే అలవాటు లేదు. "పాట పెట్టు. ఇంట్లో ఆడవాళ్ళందరినీ కలిసి పాడమను," అన్నారు.

పెట్టింది. అత్తలూ, పిన్నులూ, పెళ్ళికూతురూ అందరూ అందుకున్నారు. "జయ మంగళం" దగ్గరికి వచ్చేసరికి పదకొండు గొంతులూ ఒక్కసారిగా కిందికి జారాయి. మిషనులో మామ్మ ఒక్కతే పైన ఒంటరిగా మిగిలిపోయింది.

"ఏమే సుభా, నీ కంప్యూటరుకీ జలుబు చేసిందా?" అంది పెద్దత్త. ఇల్లంతా నవ్వులే. మామ్మ కూడా చెంగు నోటికడ్డం పెట్టుకుని, చప్పుడు లేకుండా, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. యాభై ఏళ్ళుగా ఆ ఇంటి ఆడపిల్లలూ కోడళ్ళూ ఆ పాట ఆవిడ దగ్గరే నేర్చుకున్నారు, జారుడుతో సహా.

సుభాషిణి ముఖం చిన్నబోయింది. "అయితే నేను చేసిందంతా తప్పేనా?"

"ఫ్యాను చప్పుడు పోయింది కదా. మంచిపనే," అన్నారు గురువుగారు. సుభాషిణి ఆ జారుడు ఒక్కటీ తీసుకొచ్చి దాని చోట దాన్ని పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే పెళ్ళికూతుర్ని పీట మీద కూర్చోబెట్టారు. ఇన్నాళ్ళూ తను తప్ప ఎవరూ పట్టని ఇత్తడి హారతి పళ్ళేన్ని, తన అత్తగారి నాటి దాన్ని, మామ్మ తీసుకొచ్చి సుభాషిణి చేతుల్లో పెట్టింది. మిషనులో మామ్మ పాట మొదలైంది. అందరూ గొంతు కలిపారు. "జయ మంగళం" అనగానే, మామ్మ ఎప్పుడూ ఎత్తినట్టే, పళ్ళెం పైకెత్తాలి. ఎత్తింది. పన్నెండేళ్ళ సాధనలో ఏనాడూ శ్రుతి తప్పని ఆమె గొంతు, సరిగ్గా అక్కడే, మామ్మ గొంతుతో పాటు కిందికి జారింది.

వియ్యపురాలు మురిసిపోయి, "ఆ వంపు ఎంత బావుందో పిన్నిగారూ! నాకూ నేర్పాలి మీరు," అంది. మామ్మ ముఖం కర్పూరంలా వెలిగింది.

హంసవేణి గారు శిష్యురాలి వైపు వంగి నెమ్మదిగా అడిగారు.

"బరువుగా ఉందా, అమ్మాయీ?"