దూడ మెడలో నల్లతాడు

ఎవరైనా ప్రశ్న అడిగితే శరభయ్యగారు జవాబు చెప్పేవారు కారు, చేతికర్ర అందుకునేవారు. ఆ కర్ర ఎటు నడిస్తే జవాబు అటే ఉందని శిష్యులకు తెలుసు. ఎంత దూరంలో ఉందో మాత్రం తెలియదు.

ఆ రోజు అడిగింది వామనమూర్తి. "చదివేకొద్దీ నాలో ఏదో పెరుగుతోంది గురువుగారూ. అది జ్ఞానమో గర్వమో గుర్తుపట్టడం ఎలా?" అతను పదిమంది ముందు ఉపన్యాసాలు చెప్పి మెప్పు పొందుతున్న రోజులవి. ఆ అడగడంలోనూ కొంచెం మురిపెం లేకపోలేదు.

గురువుగారు ఆశ్రమానికి పాలు పోసే సింగారమ్మ పశువుల పాకకు దారితీశారు. ఆమె గేదె ఈని నెల కావస్తోంది. నిరుటి దూడ నెల నిండకుండానే పోయింది. ఈ గండం గడవడానికి ఇంకా మూడు రోజులున్నాయి. దూడ మీద ఈగ వాలినా ఆమె గుండె దడదడలాడుతోంది.

"దిష్టి తగిలిందయ్యగారూ," అంది సింగారమ్మ, వామనమూర్తిని చురచురా చూస్తూ. "ఆ పొట్ట చూసి నేను మురిసిపోయేదాన్ని. మొన్న ఈ బాబే అన్నాడు, పొట్ట నిండుగా ఉంది, దూడ బొద్దుగా ఉందని. అప్పట్నించి పాలు సరిగ్గా ముట్టదు, మన్ను నాకుతోంది. పుట్టిన రోజే మెడలో నల్లతాడు కట్టానా, అదీ సాగిపోతోంది. రెండుసార్లు బిగించాను."

శరభయ్యగారు దూడ పక్కన కూర్చున్నారు. పొట్ట కుండలా ఉంది, వెంట్రుకలు గరుకుగా లేచి ఉన్నాయి. తోక చుట్టూ బూడిదరంగు పారుడు, భరించలేని కంపు. కంటిరెప్ప కిందికి లాగితే ఎర్రగా ఉండాల్సిన లోపలి పొర సున్నంలా తెల్లబడి ఉంది. ఆఖరున ఆయన నల్లతాడులో వేళ్లు దూర్చారు. నాలుగు వేళ్లూ వదులుగా తిరిగాయి.

"తాడు సాగలేదమ్మా, పొట్ట పెరిగేకొద్దీ మెడ చిక్కింది. ఆ పొట్టలో ఉన్నవి పాలు కావు, ఏలికపాములు. తల్లిపాలతోనే వస్తాయవి."

సింగారమ్మ దూడ తలను ఒళ్లోకి తీసుకుంది. వామనమూర్తి పశువుల డాక్టరు కోసం పరుగెత్తాడు. డాక్టరు వచ్చి, దూడ బరువుకు తగ్గట్టు పాములు పడే నట్టలమందు కొలిచి, ఊపిరితిత్తుల్లోకి పోకుండా తల మరీ ఎత్తకుండా గుటక గుటకగా పట్టించాడు. "బాగా నీరసపడింది. రేపటిదాకా ఏమీ చెప్పలేను," అని వెళ్లాడు.

వామనమూర్తి పాక వదల్లేదు. వచ్చిన శ్లోకాల్లో ఒక్కటీ నోటికి రాలేదు. "బొద్దుగా ఉంది" అన్న తన మాటే చెవుల్లో గింగురుమంటోంది. మర్నాడు మధ్యాహ్నానికి పేడలో సేమియా ముద్దలా తెల్లటి పాములు పడ్డాయి. దూడ తూలుతూ లేచి తల్లి పొదుగు వెతుక్కుంది.

"ఇన్నాళ్లూ నేను మురిసిపోయింది వీటిని చూసుకునా!" సింగారమ్మ భోరుమంది.

"ఏడవకు తల్లీ," అన్నారు అప్పుడే వచ్చిన గురువుగారు. "డాక్టరును అడిగి మూడు వారాలకు మళ్లీ పట్టించు. ఒక్కసారితో పోయేవి కావు."

తిరుగుదారిలో వామనమూర్తి గురువుగారి పక్కకు వచ్చాడు. "నా ప్రశ్న, గురువుగారూ..."

ఆయన నడక ఆపలేదు. "నీ పొట్ట చూసి పదిమందీ ఏమన్నారో నాకెందుకు నాయనా? మెడ చిక్కి తాడు ఎన్నిసార్లు బిగించుకున్నావో అది చెప్పు."