కప్పల కూత ఆగిన చోటు

ఎండలు ముదిరి వాగులన్నీ ఇంకిపోయాక, ఆ అడవిలో మిగిలింది తుంగ గుబురుల నడుమ ఒక్క కుంట. దాని మీద పెత్తనం నక్కది. ఏ కూత వినబడినా మిగతా జంతువులకు అర్థం నక్కే చెప్పాలి. "చిరుత దూరాన ఉంది, తాగండి" అంటే తాగేవాళ్లు. "ఆగండి" అంటే గొంతెండినా ఆగేవాళ్లు. నేర్పమంటే, "చెవి విద్య మా వంశానిది, మీకబ్బదు" అనేది.

దుప్పికి ఇది మింగుడు పడలేదు. నీళ్లు చాలక దాని పాలు తగ్గుతున్నాయి. ఇంకొన్నాళ్లిలాగే ఉంటే కూన దక్కదు. అందుకే తీతువు పిట్ట ఆ చెవి విద్యకే పాఠాలు చెబుతోందని వినగానే వెళ్లింది. తీతువు అరిస్తే అపశకునమని ఊళ్లో తిడతారు గానీ, పాపం, అది నేల మీద గుడ్లు పెట్టుకునే పిట్ట, వాటి కోసం అరుస్తుంది. సరే, ఆ సంగతి అలా ఉంచుదాం. గట్టు మీద పొద్దున్నే ఎవరొస్తే వాళ్లే విద్యార్థులు.

"ఏం వినబడుతోంది?" అంది తీతువు.

"కప్పలు. అన్ని వైపులా," అంది దుప్పి.

"ముళ్లపంది బావా, అలా తుంగలోకి నడువు."

ముళ్లపంది నడిచింది. ఆ వైపు కప్పలు ఠక్కున ఆగిపోయాయి.

"కూత వినడం సగం పాఠం. ఎక్కడ ఆగిందో వినడం మిగతా సగం. రోజూ వింటే అదే అలవాటవుతుంది, వంశంతో పనిలేదు."

"ఇంతేనా? ఇన్నాళ్లూ ఆ నక్కకి దండాలు పెట్టానే," అంది అడవిపంది.

"పెట్టినవి తిరిగి రావులే, కూర్చో," అంది కుందేలు.

సంగతి నక్క చెవిన పడింది. పెత్తనం పోయేలోగా కడుపు నింపుకుందామని చిరుతతో మాట్లాడుకుంది. చిరుత తుంగలో నక్కాలి, దుప్పిని తను పంపాలి, మిగిలిన ఎముకలు తనవి.

సాయంత్రం అందరూ గట్టుకు చేరారు. "రా అమ్మాయ్, చిరుత కొండ దాటిపోయింది. ఆ తుంగ పక్కన తాగు, నీళ్లు తేటగా ఉన్నాయి," అంది నక్క.

కూన దాహంతో తల్లి డొక్కలో ముట్టెతో పొడుస్తోంది. దుప్పి చెవులు నిక్కించింది. మూడు వైపులా కప్పలు అరుస్తున్నాయి. తుంగ వైపు ఒక్కటీ లేదు.

"పెద్దవాడివి మామా, తేట నీళ్లు ముందు నువ్వు తాగు," అంది.

"నాకు దాహం లేదమ్మా."

"చిరుత లేదన్నావుగా, రెండు గుక్కలు తాగితే ఏం పోయింది?" అంది అడవిపంది.

అందరూ నక్కనే చూస్తున్నారు. వెళ్లకపోతే అబద్ధం బయటపడుతుంది. చిరుత తనని గుర్తుపడుతుందిలే అనుకుని నడిచింది.

కానీ చిరుత ఏనాడూ పాఠానికి రాలేదు. తుంగలో తల దించుకుని కూర్చున్న దానికి దుప్పి అడుగేదో నక్క అడుగేదో తెలియదు. అడుగు వినబడగానే దూకింది. నక్క సగం తోక వదిలి కొండ వైపు పరుగెత్తింది, వెనకే చిరుత. ఈలోగా దుప్పీ కూనా కడుపునిండా నీళ్లు తాగాయి.

మర్నాటి పాఠంలో, కురచ తోకతో ఒక కొత్త విద్యార్థి అందరికన్నా వెనక కూర్చుంది. తీతువు పాఠం మొదలుపెట్టింది.

నీతి: నలుగురికీ చెప్పాల్సిన విద్యను దాచుకుంటే, దాచినవాడికే ముప్పు.