పొయ్యి మీద చన్నీళ్ళు

తూర్పు సముద్రం ఒడ్డున, ఓడలు ఆగే చోట, ఒకానొక రాజ్యాన్ని చండవిక్రముడనే రాజు ఏలుతుండేవాడు. మనిషి మంచివాడే. తనకు తెలియనిది ఈ భూమ్మీద ఉందంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు.

ఒక ఏడు రోహిణికార్తె ఎండలకు కోట గోడలు ముట్టుకుంటే చెయ్యి కాలేది. "ఎండ నన్నేం చేస్తుంది?" అంటూ రాజు సురేకారం కలిపిన నీళ్ళలో కూజాలు తిప్పించి, పళ్ళు జివ్వుమనేంత చల్లటి పానకం పొద్దస్తమానం తాగడం మొదలుపెట్టాడు. పానకంలో వేసే శొంఠి, మిరియాలు వేడి చేస్తాయని తీసేయించాడు కూడా. పదిహేను రోజులయ్యేసరికి ఆకలి చచ్చిపోయింది. కడుపు రాయిలా బిగిసింది. ఆస్థాన వైద్యుడు సోమనాథశాస్త్రి నాడి చూసి, "అంతా వేడే ప్రభూ, ఇంకా చల్లగా తాగాలి" అన్నాడు. రాజుకు నచ్చని మాట ఆయన నోట ఏనాడూ వచ్చి ఎరగదు.

చలికాలపు గాలికి వచ్చి రేవులో ఆగి ఉన్న చీనా దేశపు ఓడలో లిన్ అనే ముసలి వైద్యుడున్నాడని విని రాజు ఆయన్ని సభకు రప్పించాడు. ఆయన మాట తెలుగులో చెప్పడానికి ఆస్థాన ద్విభాషి బొల్లనను పిలిపించారు. చిన్నప్పుడు ఓడల మీద తిరిగి ఆ భాష నేర్చినవాడు, ఎంతవాడి ముందైనా నవ్వుతూ నిజం చెప్పగలవాడు ఆ బొల్లన.

లిన్ ముందుగా రాజును నాలుక చాపమన్నాడు. నిండు సభలో రాజు నాలుక చాపితే సభికులందరూ పైకప్పు వంక చూశారు. తర్వాత ఆయన చెప్పింది బొల్లన తెలుగు చేశాడు.

"ప్రభూ, వేసవిలో ఒంట్లో వేడంతా చర్మం మీదికి వచ్చేస్తుందట. లోపల చలవే మిగులుతుందట. దాని మీద ఇంత చల్లటివి పోస్తే కడుపు పని మానేస్తుందంటున్నాడు. గోరువెచ్చటి పెసర జావ, కాస్త అల్లం, సొరకాయ, కాకరకాయ తినమంటున్నాడు. వేసవి గుండెకు కాలమట, గుండెకు చేదు ఇష్టమట. పుచ్చకాయ తినొచ్చు గానీ చల్లబరిచి వద్దట."

"రోహిణికార్తెలో అల్లమా!" రాజు సింహాసనం మీంచి లేచాడు. "నన్ను చంపడానికి వచ్చాడితను! రేపు మధ్యాహ్న భోజనంలోగా ఈ మాట నిజమని చూపించాలి. లేకపోతే చెరలో వేయిస్తాను, ఓడ ఇతను లేకుండానే పోతుంది."

నైరుతి గాలి లేస్తే ఓడ బయల్దేరాలి. మళ్ళీ ఆ గాలి ఏడాదికి గానీ రాదు. ఎనభై ఏళ్ళ మనిషికి ఏడాదంటే మాటలా? సొంత ఊళ్ళో కన్ను మూయాలన్నది ఒక్కటే ఆయన కోరిక.

బొల్లన తల గోక్కున్నాడు. "తమరు చెప్పిందే నిజం ప్రభూ. దాన్నే ఉత్తర్వుగా రాయించండి. కోటలో వేడి ఎక్కడ కనబడితే అక్కడ చన్నీళ్ళు పోయవలెను అని. అమలు చేసే పని నాకు వదిలేయండి."

రాజు ఉబ్బిపోయి ముద్ర వేశాడు.

మర్నాడు మధ్యాహ్నం రాజు విస్తరి ముందు కూర్చున్నాడు. ఎంతసేపటికీ వడ్డన లేదు. విసిగి తానే వంటశాలకు నడిచాడు. నేలంతా నీళ్ళు. పొయ్యిలన్నిట్లో బూడిద బురదైంది. గుండిగలో చన్నీళ్ళ అడుగున బియ్యం బియ్యంగానే ఉంది. వంటమనిషి గౌరమ్మ చేతులు కట్టుకుని నిలబడితే, బొల్లన చివరి పొయ్యి మీద బిందె వంచుతున్నాడు. పక్కన లిన్ కూడా ఉన్నాడు.

"ఏమిటోయ్ ఈ అఘాయిత్యం?"

"మీ ఉత్తర్వే ప్రభూ. కోటంతా వెతికాను, ఇంత వేడి ఇంకెక్కడా లేదు."

"బుద్ధుందా నీకు? పొయ్యి ఆర్పేస్తే అన్నం ఎలా ఉడుకుతుంది?"

"నేనూ పదిహేను రోజులుగా అదే అనుకుంటున్నాను ప్రభూ, మీ కడుపులో ఎలా ఉడుకుతోందా అని."

గౌరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కడుపులో పొయ్యేమిటి, నీ మొహం!"

"ఒక్కసారి చెయ్యి పెట్టి చూసుకోండి."

రాజు చూసుకున్నాడు. నుదుటి మీంచి చెమట ధారలు కడుతోంది. పొట్ట మాత్రం బావి గోడలా చల్లగా తగిలింది. నమ్మలేక మళ్ళీ చెయ్యి పెట్టాడు. ఆయన ముఖంలో కోపం పోయింది.

"బావి..." అన్నాడు మెల్లగా. "పుష్యమాసంలో తెల్లవారుజామున మన బావిలోంచి ఆవిర్లు వస్తాయి. ఇప్పుడు పైన ఇంత ఎండ కాస్తున్నా, తోడితే అవే నీళ్ళు చల్లగా ఉంటాయి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. ఎందుకని ఒక్కసారీ అడగలేదు."

బొల్లన ఆ మాట చెబితే లిన్ కళ్ళు చెమర్చాయి. "వైద్యం నేర్వబోయిన మొదటి రోజు మా గురువు నన్ను తీసుకెళ్ళింది కూడా బావి దగ్గరికే" అన్నాడు. ఎక్కడి చీనా, ఎక్కడి తెలుగునేల!

గౌరమ్మ పొయ్యి రాజేసింది. రాజుకు అల్లం వేసిన పెసర జావ, కాకరకాయ కూర పెట్టింది. లిన్‌కు శొంఠి, మిరియాలు వేసిన పానకం ఇచ్చింది, అదీ చల్లబరచకుండా. ఆయన ఒక్క గుక్క తాగి బొల్లన వైపు తిరిగాడు.

"ఎండాకాలం శొంఠి వెయ్యాలని ఈమెకు ఏ వైద్యుడు నేర్పాడు?"

"వైద్యుడెందుకయ్యా? మా అమ్మ వేసేది, వాళ్ళమ్మా వేసేది" అంది గౌరమ్మ.

ఎనభై ఏళ్ళ ఆ వైద్యుడు లేచి, నడుము వంచి, ఆ వంటమనిషికి దణ్ణం పెట్టాడు. రాజు జావ గిన్నె నోటికెత్తుకున్నాడు.

మూడోరోజు పొద్దున్నే "గౌరమ్మా, ఆకలేస్తోందే!" అన్న రాజు కేక కోటంతా వినబడింది. నైరుతి గాలి లేచిన రోజున ఆయన స్వయంగా రేవుకు వచ్చి లిన్‌ను ఓడ ఎక్కించాడు. బొల్లన చేతికి బంగారు కడియం తొడిగి, "నా ముద్రతోనే నా పొయ్యి ఆర్పావు కదరా!" అని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

ఉత్తర్వును మాత్రం రద్దు చేయలేదు. రాజముద్ర పడ్డాక రద్దంటే పరువు తక్కువ కదా! దాని కింద ఒక్క ముక్క చేర్పించి, ఆస్థానంలో సోమనాథశాస్త్రి చేత గట్టిగా చదివించాడు.

"వేడి ఎక్కడ కనబడితే అక్కడ చన్నీళ్ళు పోయవలెను, వంటింటి పొయ్యి మీదా, రాజుగారి కడుపులోనూ తప్ప."