పెట్రోనా చంద్రుడిమీదకు వెళ్ళింది

ఎప్పటి మాటో చెప్పేవాళ్ళకే తెలీదు, ఇక వినేవాళ్ళకేం తెలుస్తుంది! సముద్రాలన్నీ దాటాక యుకతాన్ అని ఓ ఎర్రటెండల దేశం. దాన్ని స్పెయిన్ రాజు ఏలేవాడు. ఏలేవాడే గానీ ఒక్కసారీ వచ్చి చూసినవాడు కాదు.

అక్కడ ఒక ఊళ్ళో పెట్రోనా ఉక్ అని ఒకావిడ. తేనెమైనం కరిగించి చర్చికి కొవ్వొత్తులు పోసేది. మొగుడు లేడు. చంకలో పసిపిల్ల. పొద్దు వాలితే ఊరి పిల్లలంతా ఆవిడ పొయ్యి చుట్టూ చేరేవాళ్ళు.

"అత్తా, చంద్రుడిమీదకు ఎట్లా వెళ్ళావు?"

"ఎట్లా ఏంట్రా? సీమకోడి ఈకలు మైనంతో అంటించి పడవ చేశా. ఎక్కా. వెళ్ళా."

"అక్కడేముంది?"

"వెన్నెల. కాళ్ళకింద పిండిలా మెత్తగా ఉంటుంది. మైనం పన్ను అడిగేవాడు లేడు. కొరడా పట్టినవాడు లేడు. రాజు లేడు."

"మరెందుకొచ్చేశావు?"

"పొయ్యిమీద మైనం వదిలేసి వెళ్ళాగా, కోతుల్లారా!"

ఓ వానాకాలం పసిపిల్లకు జ్వరం తగిలింది. చర్చి పాదిరీ పక్క ఊళ్ళో ఉన్నాడు. తలమీద నీళ్ళు పోసి దేవుడి పేరు పలికితేనే బిడ్డకు స్వర్గం, చర్చి గోడ లోపల పూడ్చడానికి ఇంత చోటు. లేదంటే గోడ బయటే. పాదిరీ లేనప్పుడు ఎవరు పోసినా చెల్లుతుందని ఆయనే చెప్పేవాడు. పెట్రోనా దోసిలితో నీళ్ళు పోసింది. పేరు పలికింది. పిల్ల ఒక్కసారి కళ్ళు తెరిచి, గాలికి దీపం ఆరినట్టు ఆరిపోయింది.

పాదిరీ వచ్చి అడిగాడు. "నువ్వు నీళ్ళు పోశావనడానికి సాక్షి ఎవరు?"

"నేనే, స్వామీ. ఇంకెవరుంటారు?"

సరిగ్గా అప్పుడే, మతానికి ఎదురుమాట అన్నవాళ్ళను పట్టే విచారణ దొర పట్నంనుంచి దిగాడు. చంద్రుడి కథ ఆయన చెవిన పడింది.

"చంద్రుడిమీద రాజు లేడన్నావట. అంతా అబద్ధమని మూడు ఆదివారాలు అందరిముందూ చెప్పు. తర్వాత నీ బిడ్డ సంగతి చూద్దాం. అందాకా గోడ బయట పూడ్చుకో."

మొదటి ఆదివారం పెట్రోనా నిలబడింది. "నేను చంద్రుడిమీదకు వెళ్ళలేదు." ఊరు తల దించుకుంది.

రెండో ఆదివారం నిలబడింది. "వెళ్ళలేదు." పిల్లలు ఏడ్చారు.

మూడో ఆదివారం నిలబడింది. నోట్లోనే గొణిగింది.

"గట్టిగా!" అన్నాడు దొర.

"వెళ్ళలేదు."

తర్వాత ఆయన కాళ్ళదగ్గర కూర్చుంది. "ఇక నా బిడ్డను లోపలికి తెచ్చుకోనా, దొరా?"

దొర నవ్వాడు. "అబద్ధాలకోరునని మూడుసార్లు నీ నోటితో నువ్వే చెప్పావు కదమ్మా. ఇక నీళ్ళు పోశానన్న మాట మాత్రం ఎట్లా నమ్మేది?"

ఊరంతా విన్నది.

పెట్రోనా ఆ ఏడే పోయింది. ఆవిడను మాత్రం లోపలే పూడ్చారు. గోడకు ఇటు తల్లి, అటు బిడ్డ.

ఇప్పటికీ పున్నమి వస్తే ఆ ఊరి తల్లులు గోడమీద సొరబుర్రలో నీళ్ళు పెడతారు. అందులో చంద్రుడు దిగేదాకా ఆగుతారు. ఆ నీళ్ళు సగం ఇటు, సగం అటు పోస్తారు. పోస్తూ అంటారు, "వెళ్ళింది. వెళ్ళింది. వెళ్ళింది."

మెల్లగానే అంటారు. చర్చి తలుపు మూసి ఉందో లేదో చూసుకుని మరీ అంటారు.