ఆకులు రుచి చూసిన కమిటీ

అనగనగా ఒక అడవిలో జంతువులన్నీ కలిసి పెట్టుకున్న విశ్వవిద్యాలయం ఒకటి ఉండేది. నవ్వకండర్రా, నిజంగానే ఉండేది! మద్దిచెట్ల కింద తరగతులు జరిగేవి. గుడ్లగూబ నక్షత్రాల పాఠం చెప్పేది, అదీ పట్టపగలు, కునికిపాట్లు పడుతూ. పీత చరిత్ర చెప్పేది, వెనక్కి నడుస్తూ. తాబేలు వ్యాయామం చెప్పేది. అది మైదానానికి చేరేసరికి గంట కొట్టేసేవాళ్ళు.

అక్కడొక పద్ధతి ఉండేది. కొత్తగా చేరిన పంతులెవరైనా సరే, ఆరేళ్ళపాటు తాత్కాలికమే. ఆ ఆరేళ్ళలో పరిశోధన చేసి, తెలుసుకున్నదాన్ని ముళ్ళపంది ముల్లుతో ఆకు మీద రాసి కమిటీకి ఇవ్వాలి. ఏ మొక్క మీద పరిశోధన చేస్తే ఆ మొక్క ఆకు మీదే రాయాలని నియమం. కమిటీ మెచ్చుకుంటే ఉద్యోగం పర్మినెంటు. మెచ్చుకోకపోతే ఆ పొద్దు గూకేలోగా బొరియ ఖాళీ చేసి, వాగు దాటి వెళ్ళిపోవాలి.

ఆ కమిటీకి పెద్ద అడవిదున్న భూషణంగారు. ఆయన చెడ్డవారేం కాదు. ఎవరు నమస్కారం పెట్టినా తల ఊపేవారు. పిల్లలు వీపెక్కి ఆడుకుంటే కదలకుండా నిలబడేవారు. ఉన్నదొక్కటే లోపం, చదవడమంటే బద్ధకం. రెండు వరుసలు చదివేసరికి ఆవలింత వచ్చేది, మూడో వరుసకి గురక వచ్చేది. కమిటీలో మిగిలిన ఇద్దరూ దుప్పి నాంచారమ్మగారు, కుందేలు చెంగల్రావు. ముగ్గురూ ఆకులు తినేవాళ్ళే. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

"ఇన్ని ఆకులు ఎక్కడ చదువుతామండీ?" అని ఒకనాడు భూషణంగారే ఉపాయం చెప్పారు. "కళ్ళు మోసపోవచ్చు గానీ నాలుక మోసపోదు. ముందు తూకం వేద్దాం. తరవాత రంగు చూద్దాం. ఆఖర్న రుచి చూద్దాం. అయిపోయె!"

మిగతా ఇద్దరూ చప్పట్లు కొట్టారు. ఆ రోజు నుంచి పరిశోధనలన్నీ కమిటీ కడుపులోకే పోతున్నాయి. ఎవరైనా అడిగితే మాత్రం పుస్తకంలో "చదివాను" అని రాసి, కింద గిట్ట ముద్ర వేసేవారు భూషణంగారు.

ఆ ఏడాది ఇద్దరి వంతు వచ్చింది. ఒకరు కొండముచ్చు పరాంకుశం. రెండోవారు అలుగు పేరిందేవి. అలుగు తెలుసుగా? ఒంటినిండా పెంకులతో, భయమేసినా సిగ్గేసినా బంతిలా చుట్టుకుపోతుంది, అదే.

పరాంకుశం మూడు వందల పన్నెండు చింతాకులు గంపకెత్తి తెచ్చాడు. "అన్నీ ఈ ఏడాదివేనండి, లేత చిగుళ్ళు!" అంటూ పళ్ళికిలించాడు.

పేరిందేవి తెచ్చింది ఒక్కటే ఆకు. కొండమీద కొత్తగా పాకిన ఊదాపూల తీగ ఉందే, దాని ఆకు. ఆ తీగ మంచిదా చెడ్డదా అని ఆరేళ్ళు అడవంతా తిరిగింది పాపం. ఎవరు తిన్నారు, ఎవరికేమైంది, ఎలా తగ్గింది అని గడపగడపకీ వెళ్ళి అడిగింది. అడగ్గా అడగ్గా నిగ్గు తేలింది నాలుగు వరుసలు. ఆ నాలుగూ ఆకు మీద రాసి తెచ్చింది.

"ఒక్కటేనా?" అన్నారు భూషణంగారు.

"అవునండి. ఒక్కటే. కాస్త చదివి చూడండి, దండం పెడతాను. ఈ ఉద్యోగం పోతే వాగవతలికి పోవాలి. అవతలంతా బండరాయేనండి, చెదపురుగన్నది మచ్చుకైనా లేదు. అక్కడ నాకు తిండెక్కడిది?" అంది పేరిందేవి.

"చదవకపోతే ఇంకెందుకమ్మా ఈ కమిటీ!" అన్నారాయన గంభీరంగా.

ఆవిడ వెళ్ళగానే తక్కెడ తెచ్చారు. ఒక పళ్ళెంలో పరాంకుశం గంప పెడితే అది ధబ్బున నేలకి దిగింది. రెండో పళ్ళెంలో పేరిందేవి ఆకు పెడితే, పెట్టినట్టే తెలియలేదు. "తూకం లేదు," అంది నాంచారమ్మగారు. తరవాత రంగు చూశారు. "ముదురు రంగు, కంటికి ఆనడం లేదు," అన్నాడు చెంగల్రావు.

ఆ ఆకు చేతికొచ్చినప్పుడు మాత్రం భూషణంగారి మనసు ఒక్క క్షణం పీకింది. ఉన్నదే నాలుగు వరుసలు, చదివేస్తే పోలా అనుకున్నారు. పాపం, ఆ అలుగు అంతలా దండం పెట్టింది కూడా! అయితే అప్పుడే భోజనాల వేళైంది. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. ఇక ఆగలేక పరాంకుశం చిగుళ్ళు గుప్పెడు నోట్లో వేసుకున్నారు.

"ఆహా! పుల్లపుల్లగా, ఎంత పదునైన పరిశోధన!" అని లొట్టలేశారు.

పేరిందేవి ఆకుని సగం తాను తిని, మిగతా సగం ఇద్దరికీ పంచారు. తియ్యగా ఉంది. "మరీ తీపి. పస లేదు," అని ముగ్గురూ ఏకగ్రీవంగా తేల్చారు. భూషణంగారు పుస్తకం తెరిచి "పేరిందేవి పరిశోధన చదివాను. పస లేదు," అని రాసి గిట్ట ముద్ర వేసేశారు.

మధ్యాహ్నం అడవంతా సభ చేరింది. భూషణంగారు గుట్టెక్కి ఫలితం చెప్పబోయారు.

"ఈ ఏడు పర్మినెంటు ఐనవారు... హిక్! కొండముచ్చు పరాం... హిక్! ...కుశం!"

అడవిదున్నకి ఎక్కిళ్ళొస్తే మాటలా? మొదటి ఎక్కిలికి మద్దికాయలు రాలాయి. రెండో ఎక్కిలికి కొమ్మ మీద నిద్రపోతున్న గుడ్లగూబ జారి పీత మీద పడింది. పక్కన నాంచారమ్మగారు కూడా "హిక్!" అంది. చెంగల్రావైతే ఒక్కో ఎక్కిలికీ మూరెడెత్తు ఎగిరిపడుతున్నాడు. పిల్లలు అది కూడా సభలో కార్యక్రమమే అనుకుని కేరింతలు కొట్టారు.

పేరిందేవి మాత్రం నవ్వలేదు. "నా ఆకు చదివారా అండీ?" అని ఒక్కటే అడిగింది.

"చదివా... హిక్! చదివానమ్మా! పస లేదు!" అన్నారు భూషణంగారు.

ఆవిడ మెల్లగా తన బొరియ వైపు నడిచింది, సామాన్లు సర్దుకోవడానికి.

ఎక్కిళ్ళు ఎంతకీ తగ్గలేదు. నీళ్ళు తాగారు, తగ్గలేదు. ఊపిరి బిగబట్టారు, పొట్ట మాత్రం ఉబ్బింది. ఎక్కిళ్ళు వచ్చినవాడి మీద లేనిపోని దొంగతనం మోపి ఉలిక్కిపడేలా చేస్తే తగ్గుతాయంటారు కదా, నాంచారమ్మగారికి అది గుర్తొచ్చింది. ఏ నింద వేద్దామా అని ఆలోచించి, చెవి దగ్గరికొచ్చి గట్టిగా అరిచింది.

"ఏమండోయ్ భూషణంగారూ! మీరు చదవకుండానే చదివానని రాశారట!"

లేనిపోని నింద అయితే తగ్గేదేమో. ఇది ఉన్నమాటాయె! ఎక్కిళ్ళు జోడు గుర్రాల్లా రెండేసి వచ్చి పడ్డాయి. "హిక్-హిక్! హిక్-హిక్!"

అప్పుడు వెలిగింది భూషణంగారికి. చింతచిగురు రోజూ తినేదే. కొత్తగా తిన్నది ఆ ఒక్క ఆకే. ఆ ఆకు సంగతి తెలిసినది అడవి మొత్తానికి ఒక్కరే! ఆయన పరుగో పరుగు.

పేరిందేవి అప్పటికే మూట కట్టుకుని వాగు ఒడ్డున నిలబడింది. ఒక కాలు నీళ్ళలో పెట్టింది కూడా.

"అమ్మా పేరిందేవీ! ఆగమ్మా! హిక్! ఈ ఎక్కిళ్ళు తగ్గే ఉపాయం చెప్పు తల్లీ!"

"ఉపాయం నా ఆకులో రాశాను కదండీ. మీరు చదివానన్నారు," అంది పేరిందేవి.

భూషణంగారు తల దించుకున్నారు. "చదవలేదమ్మా. తిన్నాను," అన్నారు చివరికి.

పేరిందేవి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆరేళ్ళ కష్టం! నమిలి మింగేశారు! కోపంతో వెళ్ళిపోవాలనుకుంది కానీ, ఎదుట అంత పెద్ద జంతువు ఎక్కిలెక్కిలికీ ఊగిపోతుంటే జాలేసింది. ఒక టేకాకు తెచ్చి, ఆ నాలుగు వరుసలూ మళ్ళీ రాసిచ్చింది. "తీగ ఆకు మీద రాస్తే మళ్ళీ తింటారు. ఇది చదవండి," అంది.

భూషణంగారు మొదటి వరుస చదివారు. "ఈ తీగ ఆకు తింటే ఎక్కిళ్ళు వస్తాయి, వాటికి నేలవేము మందని అందరి నమ్మకం," అని ఉంది. "దొరికింది మందు!" అంటూ పరిగెత్తి, ఒడ్డునున్న నేలవేమంతా నమిలేశారు. అబ్బ, ఏం చేదు! ముఖం గుమ్మడికాయంత ఐంది. ఎక్కిళ్ళేమో మూడేసి వచ్చాయి.

"చదివారా?" అంది పేరిందేవి.

"చదివాను! హిక్-హిక్-హిక్!"

"ఎంతవరకు?"

"మొదటి వరుస..."

"రెండో వరుస కూడా చూడాల్సింది. ఆ నమ్మకం తప్పు, నేలవేముతో ఎక్కిళ్ళు పెరుగుతాయి అని రాశాను."

ఈసారి భూషణంగారు తెలివి చూపించారు. మొదలు చదివాం కదా, ఇక చివర చూస్తే చాలు అనుకున్నారు. చివరి వరుసలో "ఆ తరవాత నీళ్ళలో మూడు మునకలు వేస్తే ఎక్కిళ్ళు పోతాయి," అని ఉంది. ఎగిరి వాగులోకి దూకారు. నీళ్ళలో ఎక్కిలొస్తే ఏమవుతుంది? నోరు తెరుచుకుని సగం వాగు లోపలికి పోయింది! దగ్గుకుంటూ ఒడ్డుకొచ్చేసరికి ముక్కులోంచి చేప ఒకటి ఊడిపడింది. అది ఆయన్ని నానా తిట్లూ తిట్టి, మళ్ళీ నీళ్ళలోకి దూకింది.

"మూడో వరుస చదివారా?" అంది పేరిందేవి.

భూషణంగారు ఈసారి ఇసకలో చతికిలబడ్డారు. ఆకు ముందు పెట్టుకుని, మొదటి వరుస నుంచి మాట మాటా కూడబలుక్కుంటూ చదివారు. ఆవలింత వచ్చింది, ఆపుకున్నారు. మూడో వరుసలో "ముందు ఒక ఉసిరికాయ బుగ్గన పెట్టుకుని, మింగకుండా నూరు లెక్కపెట్టాలి," అని ఉంది. అలాగే చేశారు. నూరు లెక్కపెట్టి, మూడు మునకలు వేసి బయటికొచ్చారు.

ఎక్కిలి లేదు! చెవులు రిక్కించి కాసేపు చూశారు, అయినా లేదు!

"అమ్మా, ఎంత గొప్ప పరిశోధనమ్మా! ఇప్పుడే రాసిస్తాను, నీ ఉద్యోగం పర్మినెంటు! రా, వెళ్దాం!" అన్నారు పొంగిపోతూ.

పేరిందేవి కదల్లేదు. "మీకు తగ్గిందని ఇస్తారా అండీ? పొద్దున రుచి చూసి తీసేశారు, ఇప్పుడు కడుపు చూసి ఇస్తున్నారు. నాకలా వద్దు. అందరూ చదవండి. తప్పుంటే తప్పనండి, వాగు దాటి వెళ్ళిపోతాను. ఒప్పయితే ఒప్పనండి, ఉంటాను," అంది.

ఆ మాట భూషణంగారికి చురుక్కున తగిలింది. ఆవిడ మూట తన కొమ్ముకి తగిలించుకుని వెనక్కి నడిచారు.

పొద్దింకా గూకలేదు. మళ్ళీ సభ చేరింది. నాంచారమ్మగారు, చెంగల్రావు భూషణంగారు చెప్పగా ఉసిరికాయలు బుగ్గన పెట్టుకుని, చెరువులో మూడు మునకలు వేసి వచ్చి కూర్చున్నారు. భూషణంగారు గుట్టెక్కారు.

"నేను అబద్ధం రాశాను. ఈవిడ ఆకు చదవలేదు, తిన్నాను. ఇన్నేళ్ళుగా ఎవరిదీ చదవలేదు. సిగ్గుగా ఉంది. ఇవాళ ఇద్దరివీ చదువుతాను, ముందు పరాంకుశంతో మొదలు," అన్నారు.

తినగా మిగిలిన గంప ముందుకొచ్చింది. మొదటి ఆకు మీద "చింతచిగురు" అని ఉంది. రెండో ఆకు మీద "పుల్లగా" అని ఉంది. మూడో ఆకు మీద "ఉండును" అని ఉంది. నాలుగో ఆకు తీస్తే మళ్ళీ "చింతచిగురు".

"ఐదోది కూడా చూద్దామా పరాంకుశం?" అన్నారు భూషణంగారు.

పరాంకుశం ఎప్పుడు చెట్టెక్కాడో, ఎన్ని చెట్లు దాటాడో ఎవరూ చూడలేదు. ఇకమీదట కొండముచ్చుతో పరుగుపందెం వెయ్యనని తాబేలు తరవాత వ్యాయామం పాఠంలో చెప్పుకుంది.

తరవాత పేరిందేవి ఆకు తీశారు. గొంతు సవరించుకుని మొదటి వరుస నుంచి నాలుగో వరుస దాకా పైకి చదివారు. ఒక్కరూ కదల్లేదు. ఆరేళ్ళలో తన పని ఒకరు చదవగా వినడం ఆవిడకి అదే మొదలు. సిగ్గేసి బంతిలా చుట్టుకుపోయింది.

"ఇందులో తప్పేమైనా ఉందా?" అని భూషణంగారు సభని అడిగారు.

"ఒకటుందండీ!" అని చెంగల్రావు లేచాడు. "నాకు నూరు దాకా అక్కర్లేకపోయింది. నలభైకే తగ్గిపోయింది!"

సభంతా గతుక్కుమంది. ఇంతలో బంతి విప్పుకుంది. పేరిందేవి ముఖం వెలిగిపోతోంది.

"నలభైకేనా? మీ ఒళ్ళు చిన్నది కనుకనేమో! అయ్యో, అది నాకు తట్టనేలేదు! ముల్లు ఇలా ఇవ్వండర్రా ఎవరైనా!" అంటూ పరిగెత్తుకొచ్చి, అందరి ముందూ కూర్చుని ఐదో వరుస రాయడం మొదలుపెట్టింది.

భూషణంగారు పుస్తకంలో పాత మాట కొట్టేసి "చదివాను. ఉద్యోగం పర్మినెంటు," అని రాశారు. ఆ సంగతి పేరిందేవికి మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆవిడ రాసుకోవడంలో పడి వినిపించుకోలేదు మరి.

నీతి: చదవకుండా "చదివాను" అనకూడదు. ఒకరి కష్టం విలువ తూకంలో తేలదు, మొదటి నుంచి చివరిదాకా ఓపిగ్గా చదివితేనే తెలుస్తుంది.