నోరులేని వారి పీఠం

పూర్వం త్రేతాయుగారంభంలో, శీతవేణీ నదీతీరాన వెలసిన వేతసపురాన్ని ధర్మపరాయణుడు, మహాభక్తుడు అయిన ఉదగ్రసేన మహారాజు పరిపాలిస్తుండేవాడు. ఆయన కొలువులో సింహాసనానికి కుడిప్రక్కన ఒక చెక్కపీట ఉండేది. అది నదిదీ, నదిని నమ్ముకుని బ్రతికే చేపలదీ, నీటికుక్కలదీ, కొంగలదీ. ఏ రాజాజ్ఞకైనా ముద్ర వేసే ముందు మంత్రులతోపాటు వాటి సమ్మతినీ అడగడం, తపోనిధి అయిన మౌంజాయన మహర్షి ఒడ్డున కూర్చుని వాటి తీరు గమనించి వచ్చి జవాబు చెప్పడం ఆ వంశాచారం. నోరుగలవాడిదే రాజ్యమంటారు గాని, అక్కడ నోరులేనివాటికీ వాటా ఉండేది.

ఉదగ్రసేనుడికి భక్తి ముదిరింది. ఆ బోడి పీటను చూసి మనసు చివుక్కుమని, దానికి బంగారు తొడుగు వేయించి, నదీదేవి ప్రతిమను నిలిపి, నిత్యార్చన ఏర్పాటు చేశాడు. మహర్షి ఎప్పటిలా జవాబు చెప్పబోతే వారించి, "మునీంద్రా! జగన్మాతను మన వ్యవహారాల్లోకి లాగడం అపచారం. ఇకమీదట ఆమె పూజలందుకుంటే చాలు" అన్నాడు.

"ప్రతిమ కాదనదని నీ ధీమా, రాజా!" అని నిట్టూర్చి ముని వెళ్లిపోయాడు.

అడ్డు చెప్పేవారు లేకపోగానే, యాగశాల చుట్టూ పూలతోటలు పెంచదలచి, రాజు గట్టు తెగ్గొట్టించి ప్రవాహమంతా నగరంలోకి మళ్లించాడు. ప్రతిమకు హారతిచ్చి మరీ గునపం వేయించాడు! ప్రతిమ కాదనలేదు పాపం. వేసవి వచ్చేసరికి దిగువ మడుగులెండి చేపలు బురదలో కొట్టుకుని చచ్చాయి. నీటికుక్కలు పిల్లలను నోట కరచుకుని ఇసుకలో తిరిగి తిరిగి రాలిపోయాయి. ఆ కుళ్లునీరే తాగి పల్లెల్లో జనం మంచాన పడ్డారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు రాజు నిరాహారుడై ఘోరతపస్సు చేయగా, పాశహస్తుడు, జలాధిపతి అయిన వరుణదేవుడు ప్రత్యక్షమయ్యాడు.

"దేవా! నా ప్రజలను కాపాడు. నేను ఒక్కపూట కూడా అర్చన మానలేదే!"

"అర్చన మానలేదు నాయనా, అడగడం మానావు. తెగ్గొట్టిన గట్టు పూడ్చు, నదిని నిండుగా పారిస్తాను. చచ్చినవాటిని మాత్రం తేలేను. వేరే వరమేదైనా కోరుకో."

రాజు చేతులు జోడించాడు. "అయితే స్వామీ, నోరులేనివాటి మాట వినగల చెవులివ్వు."

"తథాస్తు!"

గట్టు పూడింది. శీతవేణి నిండుగా పారింది. పల్లెలు తేరుకున్నాయి. బంగారు తొడుగు ఊడదీయించి, రాజు మహర్షిని కాళ్లమీద పడి తీసుకువచ్చాడు. మొదటి ఆజ్ఞకు ముద్ర వేసే ముందు, ఇద్దరూ సాయంవేళ నీటికుక్కల రేవుకు వెళ్లి కూర్చున్నారు. రాజు ఎంతసేపు చెవులు రిక్కించినా రెల్లు కదిలిన చప్పుడు తప్ప మరేమీ లేదు.

"మునీంద్రా! నాకేమీ వినబడదేం? వరం ఫలించలేదా?"

"ఫలించింది రాజా. చెప్పడానికే ఎవరూ మిగల్లేదు."

ఉదగ్రసేనుడు ముఖం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆనాటినుంచి ఆ వంశంలో ప్రతి రాజూ ముద్ర పట్టే ముందు ఆ రేవులో కాసేపు ఊరకే కూర్చునేవాడు.